నలుగురి మందు, ఒకే డబ్బా

ఎవరైనా నిలబడి కనిపిస్తే మా పిన్నికి కాళ్లు నొప్పి పుడతాయి. దీన్ని మంచితనం అనుకునేవాళ్లు ఆమె బస్సు ఎప్పుడూ ఎక్కలేదన్నమాట. సిటీ బస్సులో కండక్టరుగా సగం జీవితం గడిపిన మనిషి. ఇద్దరి సీటులో ముగ్గురినీ, ముగ్గురి సీటులో నలుగురినీ సర్దడం ఆమెకు పని కాదు, పంతం.

"కాస్త జరగండి సార్."

"ఇది ఇద్దరు కూర్చునే సీటమ్మా."

"మీరొక్కరే ఇద్దరున్నారు. ఆ లెక్కన ఎప్పుడో నిండింది. అయినా జరగండి."

ఆ సార్ గొణుక్కుంటూ జరిగేవాడు. అందరూ జరిగేవాళ్లు. డిపోలో ఆమెకు 'సర్దుబాటు' అని పేరు పెట్టారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, వెనకాల అనుకునేవాళ్లు. ఒకసారి స్టాప్ లేని చోట విజిల్ ఊది బస్సు ఆపి ఒక ముసలామెను దింపింది. మేనేజరు పిలిపించాడు. "రూల్స్ ఉన్నాయి కదమ్మా" అన్నాడు. "ఉన్నాయి సార్. ఆమెకు మోకాళ్లు లేవు" అంది. అతను ఫ్యాన్ వైపు చూశాడట. ఈ కథ ఆమె చెప్పిన ప్రతిసారీ ఆ ఫ్యాన్ ఇంకాస్త మెల్లగా తిరుగుతుంది.

ఆమె ఊపిరితిత్తిలో గడ్డ ఉందని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ ఏడ్చారు, ఆమె తప్ప. ఆమెకు కోపం వచ్చింది. సిగరెట్ ముట్టని మనిషి. "ముందు వెళ్లే ప్రతి లారీ పొగా నేనే పీల్చాను. పొగ వదిలినవాళ్లంతా బాగానే ఉన్నారు. ఇదెక్కడి న్యాయం" అంది, స్కానింగ్ తీసిన కుర్రాడితో. అతను తల గోక్కున్నాడు.

ఉద్యోగం మానేసినా విజిల్ మాత్రం ఆమె చేతిసంచిలోనే ఉండేది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు బాల్కనీలో నిలబడి ఊదింది. విజిల్ మోగలేదు. గాలి వచ్చింది, దాని వెనకే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక విజిల్ తుడిచి మళ్లీ సంచిలో వేసుకుంది. మా అమ్మ "ఇంకెందుకే అది" అంది. పిన్ని నావైపు తిరిగి, "నువ్వెలాగూ కాలేజీ మానేశావు కదా. రేపటి నుంచి నా బండి నువ్వే. పెట్రోలు నాది, తిట్లు నీవి" అంది.

అలా నేను ఆమెను ఆసుపత్రికి తిప్పడం మొదలైంది. చేతికి సూది గుచ్చి బొట్టు బొట్టుగా ఎక్కించే మందు నడుస్తుండగా, ఒక డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. చిన్న వయసు, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్ను. కొత్త మందును పరీక్షిస్తున్నామని, ఇష్టమైతే చేరవచ్చని చెప్పింది.

"ఏం మందు?"

"ఒక తీగ వేరు నుంచి తీసిన పదార్థం. గుళికల్లో పెట్టి ఇస్తాం. ఇప్పుడు ఎక్కిస్తున్న మందుతో పాటే వేసుకోవాలి. ఇది గడ్డను నేరుగా చంపదు."

"చంపనిది నాకెందుకు?"

డాక్టరమ్మ నవ్వింది. "మన రక్తంలో తెల్లకణాలుంటాయి కదా. వాటిలో తినే కణాలని ఒక రకం. చెత్తనూ క్రిములనూ మింగేయడం వాటి పని. కానీ గడ్డ దగ్గరికి వెళ్లాక వాటిలో చాలా వరకు బుద్ధి మార్చుకుంటాయి. దాన్ని మింగాల్సింది పోయి, దానికి కొత్త రక్తనాళాలు వేసి పెడతాయి. చంపడానికి వచ్చే వేరే కణాలను దగ్గరికి రానివ్వవు."

పిన్ని కళ్లు పెద్దవయ్యాయి. "అంటే చెకింగ్ వాళ్లు అమ్ముడుపోయారు."

"ఏ చెకింగ్?"

"బస్సులో టికెట్ లేనివాణ్ని పట్టుకోవాల్సిన ఇన్‌స్పెక్టరు, వాడి పక్కనే కూర్చుని వాడికి గాలి తగిలేలా కిటికీ తీసి పెడుతున్నాడు. పైగా మిగతా ఇన్‌స్పెక్టర్లను మెట్టు ఎక్కనివ్వడం లేదు. అంతేనా?"

"అంతే" అంది డాక్టరమ్మ, చెవి మీది పెన్ను సర్దుకుంటూ. "ఈ పదార్థం వేస్తే ఆ తినే కణాలు మళ్లీ తమ డ్యూటీలోకి వచ్చినట్టు గాజు పళ్లేల్లో కనిపించింది, ఎలుకల్లో కనిపించింది. మనుషుల్లో ఏం చేస్తుందో తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరీక్ష."

"ఆ తీగ ఏదో చెబితే పెరట్లో వేసుకుని నూరుకుంటాను."

"వద్దు. వేరులో ఆ పదార్థం ఉండేది చాలా తక్కువ. మిగతాదంతా మీ కాలేయం మీద పడుతుంది. ఇంకో సంగతి. చేరినవాళ్లలో సగం మందికే అసలు మందు. మిగతా సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి గుళిక. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ పంచుతుంది. మీకూ తెలియదు, నాకూ తెలియదు."

పిన్ని మొహం అక్కడే మారింది. నేను గమనించాను. సగం మందిని నిలబెట్టి సగం మందిని కూర్చోబెట్టే బస్సు ఆమెకు ఎక్కబుద్ధి కాదు. అయినా ఎక్కింది. వేరే బస్సు లేదు కదా.

పరీక్షలో చేరినవాళ్లందరూ రక్తం ఇవ్వడానికి ఒకే రోజు వచ్చేవాళ్లు. వరండా చివర ఒక పొడుగు బెంచీ. దాని మీద పిన్నితో పాటు ప్రతిసారీ ముగ్గురు కూర్చునేవాళ్లు. ఒకాయన లెక్కల మాస్టారు, రిటైరైనా చొక్కా జేబులో సుద్దముక్క పొడి ఇంకా ఉన్నట్టే కనిపిస్తాడు. ఇంకొకాయన తాళాలు బాగుచేసే తాత, బెంచీ పక్కనున్న బీరువా తాళాన్ని ఊరికే తడుముతూ ఉంటాడు. మూడో మనిషి బేకరీలో పనిచేసే అమ్మాయి. ఆమె బిడ్డ ఇంకా నడక నేర్చుకోలేదు. ఇంత చిన్న వయసులో ఈ జబ్బేంటని అందరూ అడిగేవాళ్లు. అలా అడిగేవాళ్లకు ఆమె, "ఓవెన్‌ని అడగండి" అని చెప్పేది.

మొదట తాత ఒక గుళిక విప్పి నాలిక మీద వేసుకున్నాడు. చేదు. మాస్టారి గుళిక విప్పి చూశాడు. అదీ చేదే.

"ఉత్తిదాన్ని కూడా చేదుగా చేశారు దొంగలు" అన్నాడు తాత, కాస్త మెచ్చుకోలుగా. "నా తాళాల్లో కూడా ఇంత తెలివి లేదు."

బేకరీ అమ్మాయి తన గుళికల సీసా వంక చూస్తూ, "నాకు ఉత్తిదే వచ్చి ఉంటుంది. నాకెప్పుడూ అంతే" అంది. ఏడవలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. దాంతో పిన్ని లేచి నిలబడింది.

"ఒక స్టీలు డబ్బా తెస్తాను. నలుగురి గుళికలూ అందులో పోసి కలిపేద్దాం. తలా ఇంత. నలుగురికీ కాస్తో కూస్తో అసలుది పడుతుంది. ఒకరు కూర్చుని ఇంకొకరు వేలాడటమేంటి, సర్దుకుందాం."

మాస్టారు నోరు తెరిచి మూశాడు. తాత వెంటనే తలూపాడు. అమ్మాయి పిన్ని చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సీసాలు ఇచ్చిన రోజున ఆసుపత్రి క్యాంటీను వెనక, చెత్తబుట్టల పక్కన, మా ఇంటి డబ్బా మూత తీసి అన్నీ పోసి కుదిపి పంచింది పిన్ని. కాపలా మనిషి వచ్చి ఏంటని అడిగితే "వేరుశెనగలు" అంది. అతను చేయి చాపాడు. "నీకు అరగవు" అని మూత పెట్టేసింది.

నాకు ఆ పని తెగ నచ్చింది. కాగితాల మీద మనుషులను రెండుగా చీల్చేవాళ్ల పప్పులు ఉడకనివ్వకూడదనుకున్నాను. ఇంటికి వెళ్లే దారంతా ఆమె వెనక కూర్చుని నా భుజం మీద తాళం వేసింది. ఆ కొన్నాళ్లు ఆమె జబ్బు మనిషిలా లేదు, డ్యూటీలో ఉన్న మనిషిలా ఉంది.

తర్వాత ఒక రోజు రక్తం తీస్తుంటే పిన్ని డాక్టరమ్మను సరదాగా అడిగింది. "మా ఇన్‌స్పెక్టర్లు డ్యూటీ ఎక్కారా?"

"ఒక్కరిని చూసి చెప్పలేం. అసలు మందు పడ్డవాళ్ల కణాలనూ పడనివాళ్ల కణాలనూ పక్కపక్కన పెట్టి తేడా చూడాలి. ఆ తేడాయే మాకు జవాబు."

"తేడా లేకపోతే?"

"మందు మనుషుల్లో పనిచేయదని రాసి మూసేస్తాం."

"మూసేస్తే?"

"ఇంకెవరూ దాని జోలికి రారు. మీ తర్వాత ఆ వరండా బెంచీ మీద కూర్చునేవాళ్లకు అది లేనట్టే. ఇక్కడ చేరింది కొద్దిమందే, అందుకే ఒక్కొక్కరూ మాకు ముఖ్యం."

పిన్ని చేతి నుంచి సూది తీసి దూది అదిమారు. ఆమె ఆ దూదినే చూస్తూ ఇంకో ప్రశ్న అడిగింది. ఈసారి సరదా లేదు. "మందు సగం వేసుకుంటే సగం గుణం ఉంటుందా?"

"ఉండాలని లేదు. కొన్నిటికి సగం అంటే ఏమీ లేనట్టే. బస్సు సగం దారిలో దింపేస్తే సగం ఇల్లు చేరినట్టా?" డాక్టరమ్మ తన పోలికకు తానే నవ్వుకుని వెళ్లిపోయింది. ఆమెకు పిన్ని భాష పట్టుబడింది. ఆ పోలిక పిన్నికి ఎక్కడ తగిలిందో ఆమెకు తెలియదు.

వరండాలో మిగతా ముగ్గురూ ఉన్నారు. పిన్ని కూర్చోలేదు. "మనం చేసింది తప్పు. మందు నిజంగా మంచిదే అయితే, అది పనికిరాదని మన చేతులతోనే నిరూపిస్తున్నాం. అసలుది పడినవాడికి చాలినంత పడటం లేదు, ఉత్తిది పడినవాడు ఉత్తిగా లేడు. తేడా ఎక్కడి నుంచి వస్తుంది? తేడా లేదని మూసేస్తే, మన తర్వాత ఈ బెంచీ మీద కూర్చునేవాళ్లకు ఆ మందు అందదు. వెళ్లి చెప్పేద్దాం."

"చెబితే తీసేస్తారు" అన్నాడు తాత.

"తీసేస్తారు."

"మరి ఎందుకు చెప్పడం?"

పిన్ని మాస్టారి వైపు తిరిగింది. "మీరు లెక్కల మాస్టారు కదండీ. మీకైనా తట్టలేదా?"

మాస్టారు చేతిరుమాలుతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మురికి వాటిమీద లేదు. "మొదటి రోజే తట్టిందమ్మా. నాకు అసలుది రాలేదేమోనని భయం వేసింది. నోరు మూసుకున్నాను."

ఆయన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బేకరీ అమ్మాయి మాత్రం ఊరుకోలేదు.

"పిన్నీ, నువ్వే కలపమన్నావు. ఇప్పుడు నువ్వే పారబోయమంటున్నావు. తర్వాత కూర్చునేవాళ్లు నాకేమవుతారు? నా బిడ్డ నాకు కావాలి. నాకు ఈ గుళికలు తప్ప ఇంకేం లేవు."

"అవి నీకు పనిచేస్తున్నాయో లేదో కూడా తెలియదే."

"తెలియకపోయినా ఉన్నాయి కదా. ఉండనీ."

ఇంటికి వస్తుంటే పిన్ని నా భుజం మీద చేయి వేయలేదు. నేను ఉండబట్టలేక అనేశాను: "వాళ్ల లెక్క గాలికి పోనీ పిన్నీ. నువ్వు బతకడం ముఖ్యం. వాళ్లు మిమ్మల్ని ఎలుకల్లా చూశారు."

"ఎలుకలు డబ్బా తెచ్చుకోవురా" అంది. కాస్త దూరం పోయాక మళ్లీ అంది: "నేను ఎప్పుడైనా టికెట్ లేకుండా ఒక్కణ్ని ఎక్కించానా? సీటు సర్దుతాను. లెక్క తప్పను. రెండూ ఒకటేననుకున్నాను ఇన్నాళ్లూ. కాదు."

పొద్దున్నే నన్ను లేపి ఆసుపత్రికి పదమంది. తన వంతులో మిగిలిన గుళికలన్నీ డబ్బాలో వేసి చేతిసంచిలో పెట్టుకుంది. డాక్టరమ్మ గదిలోకి వెళ్లి డబ్బా బల్ల మీద పెట్టింది.

"నాకిచ్చిన మందు నేను వేసుకోలేదు. కలిపి వేసుకున్నాను."

డాక్టరమ్మ చెవి మీది పెన్ను జారి కింద పడింది. తీసుకోలేదు. "ఎవరి మందుతో?"

"అది నేను చెప్పను. వాళ్లే వచ్చి చెబుతారు. చెప్పేదాకా నేను బయట బెంచీ మీద ఉంటాను."

పెద్ద డాక్టరుకు కబురు వెళ్లింది. ఆయన వస్తూనే, "ఎంత పెద్ద పని చేశారో తెలుసా మీకు?" అన్నాడు.

"తెలిసింది కాబట్టే వచ్చాను. తెలియకముందు హాయిగా ఉన్నాను."

"సంతకం పెట్టేటప్పుడు మీకు చదివి వినిపించాం. ఒకరి మందు ఒకరు వాడకూడదని అందులో ఉంది."

"ఉంది. మీరు చదివిన వేగానికి మా డ్రైవరు కూడా దండం పెడతాడు. వాడకూడదని ఉంది, ఎందుకు వాడకూడదో లేదు. ఎందుకో చెప్పకుండా రూల్ పెడితే జనం తలూపి సీటు కింద దాచుకుంటారండీ. నేను సగం జీవితం వాళ్లనే చూశాను."

"మీరు క్షమాపణ చెప్పడానికి వచ్చారా, మమ్మల్ని తప్పుపట్టడానికి వచ్చారా?"

"రెండూ కాదు. లెక్క సరిచేయమని వచ్చాను. తప్పు నాది, దాచను. కానీ తల దించుకోమంటే మాత్రం దించుకోను."

ఆయన మెడ ఎర్రబడింది. "మిగతావాళ్ల పేర్లు చెప్పకపోతే మీ రక్తం పరీక్షలన్నీ తిరగేసి మేమే పట్టుకోగలం."

"పట్టుకోండి. కానీ పట్టుబడటం వేరు, దిగిరావడం వేరు. నాకు రెండోది కావాలి."

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. నేను టీ తెస్తే తాగింది. నర్సు వచ్చి లేవమంటే, "ఇంకా ముగ్గురు ఎక్కాలమ్మా, బస్సు కదలదు" అంది. దగ్గు వచ్చినప్పుడల్లా మోకాళ్ల మీదికి వంగి, ఆగాక మళ్లీ నిటారుగా కూర్చుంది. నేను ముగ్గురికీ ఫోన్ చేశాను. పిన్ని కూర్చుని ఉంది అని మాత్రమే చెప్పాను.

మాస్టారు ముందు వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో, పరీక్ష హాలుకు వచ్చినట్టు. పిన్నివైపు చూడకుండా నేరుగా లోపలికి వెళ్లాడు. తాత వచ్చి, "తాళం విరగ్గొట్టినవాడు తాళం వేసినవాడితో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు" అని గొణిగి ఆయనా వెళ్లాడు. ఇద్దరూ బయటికి వచ్చాక వెళ్లిపోలేదు. పిన్నికి అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

ఎండ వరండా దాటి గోడ ఎక్కే వేళకు బేకరీ అమ్మాయి వచ్చింది, బిడ్డను చంకనేసుకుని. బిడ్డను నా చేతికిచ్చింది. తన గుళికలు సంచిలో నుంచి తీసింది. లోపలికి వెళ్లే ముందు పిన్ని ఎదురుగా నిలబడింది.

"నాకు అసలుదే వచ్చి ఉంటే?"

పిన్ని ఆమె మొహంలోకి చూసింది.

"చెప్పు పిన్నీ. నాకు అసలుదే వచ్చి ఉంటే, దాన్ని నువ్వు, ఆ తాత, ఈ మాస్టారు పంచుకు తిన్నట్టే కదా. నేనే చేతులారా ఇచ్చాను, నీ చేయి కూడా పట్టుకున్నాను."

"అవును. అయ్యుండొచ్చు" అంది పిన్ని. అమ్మాయి లోపలికి వెళ్లింది. తనకు అసలుది వచ్చిందా అని లోపల కూడా అడిగిందట. తనకూ తెలియదని, ఎవరికి ఏదో రాసి మూసిన కవరును పరీక్ష ముగిసేదాకా ఎవరూ విప్పరని డాక్టరమ్మ చెప్పిందట.

నలుగురికీ గుళికలు ఆపేశారు. ఎక్కించే మందు ఆపలేదు, రక్తం తీయడం ఆపలేదు. వాళ్ల లెక్కను పక్కన పెట్టి, కలిపారన్న సంగతి రాసి ఉంచుతామన్నారు. డబ్బా కడిగి మా వంటింట్లో పెట్టింది పిన్ని. దాంట్లో ఏమీ వేయదు, ఎవరినీ వేయనివ్వదు.

ఆ మందు పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. ఆమె గడ్డ పెరగలేదు, తగ్గలేదు. అందులో ఆ కలగలిపిన గుళికల పుణ్యం ఎంతో చెప్పగలవాళ్లు లేరు. నన్నడిగితే ఆ లాటరీ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కడుపుమంటే. పిన్నితో అంటే, "మంట ఉండనీ. కానీ మంటతో లెక్క కాల్చకు" అంటుంది.

అందుకే రక్తం తీసే రోజున ఎవరూ పిలవకపోయినా ఆమె గంట ముందు వెళ్లి బెంచీ దగ్గర నిలబడుతుంది. కొత్తగా చేరినవాళ్లను కదిపి, గుళికలు ఎందుకు కలపకూడదో ఇన్‌స్పెక్టరు కథతో సహా చెబుతుంది. పెద్ద డాక్టరుకు ఇది నచ్చదు. కాపలా మనిషిని పంపాడు ఒకసారి. "నువ్వు వేరుశెనగలు అడిగినవాడివే కదా" అని పిన్ని అతన్నే కూర్చోబెట్టి మొత్తం చెప్పింది.

మొన్న ఇద్దరు మగవాళ్లు క్యాంటీను వెనక్కి నడుస్తున్నారు, చేతుల్లో సీసాలు. ఒకడు మూత తిప్పుతున్నాడు. పిన్ని పిలిచింది, గొంతు అందలేదు. వాళ్లు వినిపించుకోలేదు. ఆమె సంచిలో చేయి పెట్టింది. విజిల్ నోట్లో పెట్టుకుని, గోడకు ఒక చేయి ఆనించి ఊదింది. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి పగిలిన గొంతులాంటి కూత వచ్చింది. అందమైన కూతేమీ కాదు. కానీ వరండా మొత్తం ఆగింది. ఆ ఇద్దరూ ఆగారు.

డాక్టరమ్మ గదిలో నుంచి బయటికి వచ్చింది. "ఆసుపత్రిలో విజిలేంటండీ?"

"బస్సు ఆపడానికి ఇంకేం ఊదాలి డాక్టరమ్మా" అంది పిన్ని, దగ్గుతూనే. గోడ వదిలి బెంచీ దాకా నడిచింది. బెంచీ నిండా మనుషులే. ఎవరూ కదల్లేదు.

చివర బేకరీ అమ్మాయి కూర్చుని ఉంది, రక్తం ఇవ్వడానికి వచ్చి. ఆ రోజు తర్వాత ఆమె పిన్నితో మాట్లాడలేదు. ఇప్పుడూ పిన్నివైపు చూడలేదు. పక్కనున్న లావుపాటి ఆయన్ను మోచేత్తో పొడిచింది.

"కాస్త జరగండి సార్" అంది. "నిలబడి ఉన్నారు, కనిపించడం లేదా?"